అరటిపండు అవుటైన రోజు

మాంచెస్టర్‌లో ఎమ్మెస్సీకి చేరిన మొదటి వారం, కాలేజీ పెద్ద హాల్లో క్లబ్బుల సంత పెట్టారు. ఏ ఆట ఆడదలచుకున్నవాళ్ళు ఆ టేబుల్ దగ్గరికి వెళ్ళి పేరు రాయించుకోవాలి. క్రికెట్ టేబుల్ ముందు క్యూ హాలు దాటి, మెట్లు దిగి, బయట సైకిళ్ళ స్టాండు దాకా ఉంది. అందులో సగంమంది సొంత బ్యాట్లతో వచ్చారు. నేను వాళ్ళని చూసి, నన్ను నేను చూసుకుని, పక్కకు జరిగాను. పక్కన ఉన్నది బేస్‌బాల్ టేబుల్. దాని ముందు ఎవరూ లేరు. వెనక ఒకడు కూర్చుని చిప్స్ తింటున్నాడు. దారికి అడ్డం లేకుండా నిలబడ్డానంతే అని అతనికి చెప్పేలోపే నా పేరు రాసుకున్నాడు.

అతనే కెప్టెన్. పక్కనే ఉన్న బోల్టన్ కుర్రాడు, ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం. అమెరికా ఎప్పుడూ చూడలేదు. టీవీలో చూసి నేర్చుకున్న ఆటని ఆ చలిదేశంలో, ఆ వానలో, నాలుగేళ్ళుగా ఒంటిచేత్తో నడుపుతున్నాడు. జట్టుకి తొమ్మిదిమంది కావాలి. ఆ రోజుకి ఎనిమిదిమంది ఉన్నారు. నాకు ఏమీ రాదని చెప్పాను. వస్తే మంచిదే కాని అవసరం లేదన్నాడు.

ఇది రెండు వేల మూడు, నాలుగు ప్రాంతపు సంగతి. నన్ను ఒక జట్టులోకి అడిగి మరీ తీసుకోవడం అదే మొదలు కాబట్టి ఇంత వివరంగా గుర్తుంది.

చిన్నప్పుడు మా వీధి క్రికెట్‌లో నేను ఆటలో అరటిపండుని. ఆ పదవి అనుభవించనివాళ్ళు అదృష్టవంతులు. జట్లు పంచుకోగా మిగిలిన పిల్లవాణ్ణి, ఏడుస్తాడేమోనని ఆడనిస్తారు. వాడు బ్యాటు పట్టుకోవచ్చు, పరిగెత్తవచ్చు. వాడి పరుగులు మాత్రం లెక్కలోకి రావు. వాడి వికెట్టు పడితే ఎవరూ కేక వెయ్యరు, ఎందుకంటే అరటిపండు అవుట్ కాడు. ఇంకో నాలుగు బంతులు వేసి బ్యాటు లాక్కుంటారు. మిగతా పిల్లలకి ఈ హోదా ఆరేడేళ్ళ వయసులో పోతుంది. నాకు ఇంటర్మీడియట్ దాకా ఉంది.

మొదటి ప్రాక్టీసులో బంతి కొట్టి, అలవాటు ప్రకారం బ్యాటుతో సహా మొదటి బేస్ దాకా పరిగెత్తి, బ్యాటు కొసని దానిమీద ఆనించాను. కెప్టెన్ నిదానంగా వచ్చి బ్యాటు తీసుకుని, ఇక్కడ దీన్ని అక్కడే పారేసి రావాలని చెప్పాడు. సరస్వతీదేవిలాంటి బ్యాటుని అలా విసిరెయ్యడం నాకు చేతకాలేదు. నేలమీద నెమ్మదిగా పెట్టి పరిగెత్తేవాణ్ణి. ఆ కాస్త ఆలస్యానికి ఎన్నిసార్లు అవుటయ్యానో చెప్పను. క్రిస్మస్ దాటాక పారెయ్యడం వచ్చింది.

ఆట తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో చెబుతాను. మైదానంలో నాలుగు మూలలు, వాటినే బేస్ అంటారు. కొట్టినవాడు ఒక్కో మూల తొక్కుతూ, మొదట నిలబడి కొట్టిన చోటికి తిరిగి రావాలి. వస్తే ఒక రన్. ఆ చోటుని హోమ్ అంటారు. అక్కడ నేలలో ఒక తెల్ల రబ్బరు పలక పరిచి ఉంటుంది. మూలకీ మూలకీ మధ్య ఉండగా ఎవరైనా చేతిలో బంతితో తాకితే అవుట్. మా ఫ్లాట్‌లో ఉండే కర్నూలు మిత్రుడు ఇదంతా ఓపిగ్గా విని, ఇది ఇక్కడి బళ్ళలో ఆడపిల్లలు ఆడే రౌండర్సే కదా అన్నాడు. ఆ మాట కెప్టెన్ ముందు ఎప్పుడూ అనలేదు నేను.

మా జట్టు స్కోరు రాసేది ఒక అమ్మాయి. దంతవైద్యం రెండో ఏడాది. లండన్ శివారు స్టాన్‌మోర్‌లో పుట్టి పెరిగింది, తల్లిదండ్రులది హైదరాబాద్. నేను తెలుగులో మాట్లాడితే అంతా అర్థమయ్యేది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే. ఏడాది మొత్తం మీద ఆమె నోట ఒక్క తెలుగు ముక్క నేను వినలేదు. పరిగెత్తడం ఇష్టంలేక, స్నేహితుల కోసం స్కోరు పుస్తకం పట్టుకుందట. ఇక్కడ ప్రేమకథ కోసం చూసేవాళ్ళు ఇప్పుడే లేచి వెళ్ళవచ్చు. ఆమెకి మాంచెస్టర్ కాలేజీలోనే ఒక కుర్రాడున్నాడు. వాళ్ళ వ్యవహారం సలక్షణంగా సాగి పెళ్ళి దాకా వెళ్ళింది.

నాకు ప్రాణం ఉన్నది ఆమె రాసే పుస్తకం మీద. అందులో ఒక్కో ఆటగాడికి, అతను బ్యాటు పట్టిన ప్రతిసారికీ ఒక గడి ఉంటుంది. ఆటగాడు మొదటి మూలకి చేరితే గడిలో ఒక గీత, రెండోదానికి చేరితే ఇంకో గీత. నాలుగు గీతలూ కలిసి హోమ్‌కి చేరితే, మధ్యలో ఖాళీని పెన్సిల్‌తో నల్లగా నింపుతుంది. అవుటైతే ఎలా అయ్యాడో గడి పక్కన రాస్తుంది. ఆమె ఆ నలుపు చాలా శ్రద్ధగా, అంచు దాటకుండా నింపేది. కెప్టెన్ వరసలో నల్లగళ్ళు ఎన్నో ఉండేవి. నా వరస ఏప్రిల్ దాకా తెల్లగా ఉంది. కొన్ని గళ్ళలో ఒక్కో గీత, ఒకచోట రెండు.

నాకు ఒక్క గడి నిండాలని ఉండేది. ఎంతగా ఉండేదంటే, లెక్చర్ హాల్లో నోట్సు అంచున ఆ గడి గీసుకుని, నాలుగు గీతలూ కలిపి, నింపి, మళ్ళీ సిగ్గుపడి కొట్టేసేవాణ్ణి. ఇరవై మూడేళ్ళవాడు చెయ్యవలసిన పని కాదు. కాని ఒక్కసారి నా పరుగు ఎవరైనా లెక్కలో రాస్తే చూడాలని ఉండేది.

బంతి కొట్టడం నాకు రాలేదు. అయితే ఆటలో ఒక నియమం ఉంది. వేసినవాడి బంతి కొట్టేవాడి ఒంటికి తగిలితే, మొదటి మూల ఊరికే ఇస్తారు. మిగతావాళ్ళు బంతి మీదికి వస్తే తప్పుకుంటారు. నేను తప్పుకోవడం మానేశాను. దీనికి ప్రతిభ అక్కర్లేదు, కదలకపోతే చాలు. ఏప్రిల్‌కల్లా జట్టులో అందరికన్నా ఎక్కువసార్లు మొదటి మూలకి చేరింది నేనేనని స్కోరు రాసే అమ్మాయి లెక్క తీసి చెప్పింది. ఆ నెలలోనే జ్వరమొచ్చి సర్జరీకి, అంటే అక్కడి డాక్టరు క్లినిక్కుకి వెళితే, అక్కడి నర్సు నా భుజం మీదా వీపు మీదా నీలిమచ్చలు చూసి తలుపు వేసి వచ్చి, ఇంట్లో అంతా బాగానే ఉందా అని మెల్లగా అడిగింది. బేస్‌బాల్ అని చెప్పాను. ఆవిడ నమ్మలేదు.

ఆ సీజన్లో మేం మూడు మ్యాచ్‌లు గెలిచాం. అందులో రెండింటికి అవతలివాళ్ళు రాలేదు. వానకి కొట్టుకుపోయినవి పోగా, తొమ్మిదిమందిని కూడగట్టలేక చేతులెత్తేసిన కాలేజీలు పోగా, మే నెలలో జరిగే అన్ని కాలేజీల చాంపియన్‌షిప్‌కి మా పేరు వచ్చింది. మా క్లబ్బు అక్కడిదాకా పోవడం అదే మొదలు. కెప్టెన్‌కి అదే ఆఖరు. జూన్‌లో అతని చదువు అయిపోతుంది, ఉద్యోగంలో చేరతాడు. అతని తర్వాత క్లబ్బు ఉంటుందని అతనితో సహా ఎవరూ అనుకోలేదు. ఒక్కసారి ఫైనల్ ఆడితే చాలు, ఇక బ్యాటు ముట్టుకోనన్నాడు. నేను పనిచేసే టేకవే వాళ్ళని బతిమాలి, డ్యూటీల రోటా మార్పించుకుని, మినీబస్సెక్కాను.

టోర్నమెంటు రెండు రోజులు, దక్షిణాన ఎక్కడో ఒక పార్కులో. శనివారం ఒకటి ఓడి, ఒకటి గెలిచాం. ఈసారి అవతలివాళ్ళు వచ్చారు కూడా. ఆదివారం ఉదయం సెమీఫైనల్. గెలిస్తే మధ్యాహ్నం ఫైనల్.

ఆ ఉదయం అవతలి జట్టులో బంతి వేసేది ఒక పెద్దాయన. యాభైకి దగ్గర పడ్డ మనిషి. జుట్టు సగం నెరిసింది, మోకాలికి పట్టీ ఉంది. ఉద్యోగం మానేసి మళ్ళీ చదువుకోవడానికి వచ్చాడట. బంతికీ బంతికీ మధ్య నడుం పట్టుకుని నిలబడేవాడు. బంతులు మాత్రం ఎక్కడ వెయ్యాలనుకుంటే అక్కడ పడేవి. నా వంతు వచ్చినప్పుడు రెండుసార్లూ నాకు తగలకుండా జాగ్రత్తగా వేశాడు. మర్యాదస్తుడు. మనసులో ఆయన్ని అప్పటికే అంకుల్ అని పిలుచుకుంటున్నాను, నాకు తెలియకుండానే.

ఆఖరి వంతు వచ్చేసరికి స్కోరు ఆరూ ఆరూ. ఆఖరి బ్యాటింగు మాది. ఒక్క రన్ వస్తే ఫైనల్. అప్పటికి అంకుల్ అలిసిపోయాడు. ఆయన వేసిన బంతి ఒకటి చేయి జారి, నా మోచేతికి వచ్చి తగిలింది. ఆయన అక్కడినుంచే చెయ్యెత్తి క్షమించమన్నాడు. నేను సంతోషంగా మొదటి మూలకి నడిచాను. తర్వాతివాడు కొడితే రెండోదానికి, ఆ తర్వాతివాడు కొడితే మూడోదానికి చేరాను. వాళ్ళిద్దరూ అవుటయ్యారు గాని నేను మిగిలాను. మూడో మనిషి కూడా అవుటైతే మా వంతు అయిపోతుంది.

మూడో మూలలో నేను నిలబడ్డది అదే మొదలు. అక్కడినుంచి హోమ్ ఇంత దగ్గరని అప్పటిదాకా తెలియదు. మా ఫ్లాట్ నుంచి మూలమీది షాపు అంత దూరం. కెప్టెన్ నా పక్కన గీత అవతల నిలబడి, ఎప్పుడు పరిగెత్తాలో చెప్పడానికి సిద్ధంగా ఉన్నాడు. గడ్డి మీద కుర్చీ వేసుకున్న స్కోరు అమ్మాయి వైపు చూశాను. నా గడిలో మూడో గీత గీసి, పెన్సిల్ అలాగే పట్టుకుని ఉంది.

అంకుల్ బంతి వేశాడు. అది పక్కకి పోయింది. వెనక పట్టుకునేవాడికి అందకుండా కంచె దాకా దొర్లింది. కెప్టెన్ నా వీపు మీద చరిచాడు. నేను పరిగెత్తాను. ఇలాంటప్పుడు బంతి వేసినవాడే వచ్చి హోమ్ కాయాలి. అంకుల్ మోకాలి పట్టీతో కుంటుతూ వచ్చి పలక పక్కన వంగాడు. కంచె దగ్గరినుంచి బంతి వచ్చి ఆయన చేతిలో పడింది. ఆ క్షణానికే నేను బంతి తాకకుండా కాళ్ళు ముందుకి చాపి పలక వైపు నేలమీద జారాను. శీతాకాలమంతా జిమ్ము పరుపుల మీద నేర్పించారు కాబట్టి బాగానే జారాను. నా కుడికాలి బూటు వెళ్ళి అంకుల్ గుండె మీద తగిలింది.

ఆయన వెనక్కి పడ్డాడు. బంతి చేతిలోంచి జారి గడ్డి మీద దొర్లిపోయింది. నేను పలకకి జానెడు ఇవతల ఆగాను. అంపైర్ ఏమీ చెప్పలేదు, ఎందుకంటే అప్పటికి ఏమీ జరగలేదు. నేను చెయ్యి చాపి పలకని ముట్టుకుంటే చాలు. మావాళ్ళంతా అదే అరుస్తున్నారు.

నేను చెయ్యి చాపాను. పలక వైపు కాదు. అంకుల్ గుండెని తాకి, కళ్ళకద్దుకున్నాను. తగిలింది బూటు కాలు, ఆయనా పెద్దవాడు కాబట్టి, ఒకసారి చాలదనిపించి ఇంకోసారి కూడా అద్దుకున్నాను. "సారీ అంకుల్" అన్నాను.

దెబ్బ ఏమైనా తగిలిందేమోనని చూస్తున్నాననుకున్నాడు ఆయన. ఏం ఫర్వాలేదని నాకు ధైర్యం చెప్పాడు. తర్వాత అటూ ఇటూ వెతికి, బంతి తీసుకుని, దానితో నా భుజాన్ని చాలా సున్నితంగా తాకాడు. అంపైర్ అవుట్ అన్నాడు. నేనింకా మోకాళ్ళ మీదే ఉన్నాను. పలక నా ముందే ఉంది.

తర్వాత అదనపు వంతులో వాళ్ళు ఒక రన్ చేశారు, మేం చెయ్యలేకపోయాం. ఏడూ ఆరూ.

నన్ను ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండును. కెప్టెన్ వచ్చి నా పక్కన గడ్డిలో కూర్చుని, ఏం చేశావని మామూలు గొంతుతో అడిగాడు. కాలు తగిలితే మాలో ఇలా చేస్తామని చెప్పాను. ఎవరికి తగిలినా చేస్తారా అన్నాడు. మనిషికి తగిలినా, పుస్తకానికి తగిలినా చేస్తామన్నాను. ఇంజనీరింగ్ విద్యార్థి కాబట్టి కాసేపు ఆలోచించి, బంతి తగిలితే చెయ్యాలా అని అడిగాడు. బంతికి అక్కర్లేదన్నాను. తలాడించి లేచి, బ్యాట్ల సంచీ సర్దడానికి వెళ్ళాడు. ఆ సంచీ మీద వంగి చాలాసేపు లేవలేదు. ఏడుస్తున్నాడని భుజాలు చూస్తే తెలిసింది. నాలుగేళ్ళు ఒక మనిషి ఒంటిచేత్తో మోసినదాన్ని నేను జానెడు దూరంలో దించేశాను. నాకు అంత సిగ్గు అంతకు ముందూ కలగలేదు, తర్వాతా కలగలేదు.

మినీబస్సులో మావాళ్ళకి ఆ సంగతి విడమర్చి చెప్పింది స్కోరు అమ్మాయే. ఆ మైదానంలో నేను చేసినదేమిటో చూసిన మరుక్షణం అర్థమైంది ఆమె ఒక్కతెకే. అది కావాలని చేసేది కాదని, చెయ్యి దానంతటదే పోతుందని చెప్పింది. తనైనా అదే చేసేదని కూడా అంది. మావాళ్ళు మర్యాదగా విన్నారు. ఒకడు మాత్రం, పలకని ముట్టుకున్నాక చేస్తే దేవుడేమైనా అనుకుంటాడా అని అడిగాడు. న్యాయమైన ప్రశ్న.

సోమవారం ఫోన్ కార్డుతో అమ్మకి ఫోన్ చేశాను. ఓడిపోయామని, నా వల్లేనని, జరిగినదంతా చెప్పాను. అమ్మ ఆట గురించి ఒక్క ముక్క అడగలేదు.

"పెద్దాయన్ని తన్నావా?"

"తన్నలేదమ్మా. తగిలింది."

"మరి దణ్ణం పెట్టుకున్నావా?"

"పెట్టుకున్నాను."

"ఇంకేం మరి" అని, అన్నం తిన్నావా అని అడిగింది.

మూడు వారాల తర్వాత క్లబ్బు ఆఖరిసారి కలిసింది. ఒక పబ్బులో, ఏడుగురం. మిగతావాళ్ళకి పరీక్షలు. నేను వెళ్ళకూడదనుకున్నాను. కెప్టెన్ రెండుసార్లు ఫోన్ చేశాడు, వెళ్ళాను. అతను మామూలుగానే ఉన్నాడు. నాకు కుర్చీ లాగాడు. కొత్త ఉద్యోగం గురించి చెప్పాడు. బ్యాటు ముట్టుకోనన్న మనిషి, ఉద్యోగం వచ్చిన ఊళ్ళో బేస్‌బాల్ క్లబ్బు ఉందేమో అప్పటికే వాకబు చేశాడట. నాకు గుండె మీది బరువు కొంత దిగింది.

వెళ్ళేముందు స్కోరు అమ్మాయి సంచీలోంచి ఒక కాయితం తీసి ఇచ్చింది. సెమీఫైనల్ స్కోరు పేజీ, ఫొటోకాపీ తీసింది. దాని వెనక సంగతి కూడా చెప్పింది. బస్సు దిగిన సాయంత్రమే కెప్టెన్ ఆమెని పక్కకి పిలిచి, నా ఆఖరి గడిలో నాలుగో గీత గీసి నింపెయ్యమన్నాడట. ఓడిన మ్యాచ్ పుస్తకం ఇక ఎవరూ చూడరు, వాడి వరసలో ఒక్కటైనా నల్లగడి ఉండాలన్నాడట. అతని ఫైనల్ పోగొట్టిన నా కోసం, అతనే అడిగాడు. ఆమె కుదరదంది. ముట్టుకోనిది ముట్టుకున్నాడని ఎలా రాస్తానంది.

కాయితం విప్పి చూశాను. నా గడిలో మూడు గీతలే ఉన్నాయి. నాలుగోవైపు ఖాళీగా ఉంది. అవుట్ ఎలా అయ్యాడో రాసే చోట మిగతావాళ్ళకి పుస్తకంలో ఉండే అంకెలూ పొడి అక్షరాలూ ఉన్నాయి. నా దగ్గర మాత్రం తెలుగులో, ఒకటో తరగతి పిల్లలు రాసినట్టు పెద్ద పెద్ద అక్షరాలతో, "దణ్ణం" అని ఉంది. ఆమెకి తెలుగు రాయడం రాదు. స్టాన్‌మోర్‌లో ఉన్న వాళ్ళమ్మకి ఫోన్ చేసి రాసిందట. ఏ అక్షరం ఎటు తిరిగి ఎక్కడ ఆగుతుందో ఫోన్లో చెప్పడానికి ఆవిడకి అరగంట పట్టిందట.

నేను నొచ్చుకున్నాననుకున్నాడేమో కెప్టెన్, నిండిన గడి వేరేగా గీసి ఇమ్మంటావా అన్నాడు. వద్దన్నాను. ఆ కాయితం నాలుగు ఫ్లాట్లు మారి ఇప్పటికీ నా దగ్గరే ఉంది. గడి నిండనందుకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. అయినా ఎలా అవుటయ్యానో రాసి ఉన్న ఆ చోటు మీద వేలు పెట్టుకుని ఎన్నిసార్లు చూసుకున్నానో.

ఆటలో అరటిపండుని ఎవరూ అవుట్ చెయ్యరు.